పెట్టెను నిలబెట్టాలి: ఇంట్లో లైన్ అర్రే స్పీకర్ల తయారీ

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఉన్నవారికి నా మాట వినిపిస్తోందా? సంతోషం. ఇప్పుడు నేను మాట్లాడుతున్నది ఈ హాలు వారి మైకులోనే. నేను చేసిన లైన్ అర్రే పెట్టెలు, అంటే స్పీకర్లను ఒకే గీతలో పేర్చినవి, రెండూ ఇవిగో, గుడ్డ కప్పుకొని నిలబడ్డాయి. వాటి సంగతి చివర్లో చూద్దాం.

మా నాన్నగారికి మైకుసెట్టు దుకాణం ఉండేది. పెళ్ళిళ్ళు, హరికథలు, ఎన్నికల సభలు, అన్నింటికీ ఆయనే. చదివింది అయిదో తరగతి. పందిట్లో కాలమ్ బాక్సు కట్టడానికి కుర్రవాళ్ళు బయలుదేరితే ఆయన చెప్పే మాట ఒక్కటే: "పెట్టెను నిలబెట్టి కట్టండిరా, పడుకోబెట్టకండి." కాలమ్ బాక్సు తెలుసు కదా మీకు? పొడవాటి సన్నని పెట్టె, అందులో నాలుగు స్పీకర్లు ఒకదాని కింద ఒకటి. దాన్ని పిట్టగోడ మీద అడ్డంగా పడుకోబెడితే తాడు అక్కరలేదు, గాలికి పడిపోతుందన్న భయం లేదు. కుర్రవాళ్ళకు అదే సుఖం. నాన్నగారు వచ్చి చూసి, నాలుగు తిట్టి, మళ్ళీ నిలువుగా కట్టించేవారు. ఎందుకని అడిగితే, "పడుకోబెడితే మాట జనంలోకి పోదురా, ఆకాశంలోకి పోతుంది" అనేవారు. నేను ఇంజనీరింగు చదివి, ముప్పై ఏళ్ళు కరెంటు ఉద్యోగం చేసి, రిటైరయ్యాక ఈ పెట్టెల కోసం లెక్కలు వేసుకుంటే అప్పుడు అర్థమైంది, ఆయన మాటలో తప్పు లేదని.

స్పీకర్లను ఒక గీతలాగా పేరిస్తే, ఆ గీత ఏ దిశలో సాగిందో ఆ దిశలో ధ్వని ఇరుకవుతుంది. గీతకు అటూ ఇటూ మాత్రం విశాలంగానే పరుచుకుంటుంది. నిలబెడితే కప్పుకూ నేలకూ పోయే శబ్దం తగ్గి, పక్కపక్కన కూర్చున్న జనానికి అందుతుంది. పడుకోబెడితే మధ్యలో ఒక పట్టీ మేర కూర్చున్నవారికి మాత్రమే సరిగ్గా వినబడుతుంది, మిగతాదంతా పందిరి పైకి పోతుంది. లైన్ అర్రే అంటే మొదటి పాఠం ఇదే. స్టేడియంలో క్రేనుకు అరటిగెలలా వేలాడే పెట్టెలకూ, గుడి మండపంలో స్తంభానికి కట్టిన కాలమ్ బాక్సుకూ మూలసూత్రం ఒక్కటే.

దీన్ని చెరువు గట్టున కూర్చుని కూడా తెలుసుకోవచ్చు. గులకరాయి వేయండి, అలలు వలయాలుగా వెళ్తాయి, వెళ్ళేకొద్దీ పలచబడతాయి. ఒక పొడవాటి వెదురు కర్రను నీటి మీద బోర్లా పడేయండి. కర్ర పక్కన లేచే అల తిన్నని గీతలాగా వస్తుంది, చాలా దూరం వరకు బలం తగ్గకుండా వస్తుంది. శబ్దం ఎంత గట్టిగా ఉందో డెసిబెల్స్‌లో కొలుస్తారు. స్పీకరు ఒక్కటే ఉంటే దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్స్ తగ్గుతుంది. పొడవాటి గీత అయితే 3 డెసిబెల్సే తగ్గుతుంది. ఒక మీటరు దగ్గర కూర్చున్నవారికీ నాలుగు మీటర్ల దగ్గర కూర్చున్నవారికీ మామూలు పెట్టెతో 12 డెసిబెల్స్ తేడా ఉంటే, దీనితో ఆరే.

అయితే ఇక్కడ ఒక షరతు ఉంది, దాన్ని చాలామంది దాటేస్తారు. ఈ లక్షణం కొంత దూరం వరకే ఉంటుంది. ఆ దూరం పెట్టె పొడవు మీద, శబ్దపు పౌనఃపున్యం మీద, అంటే సెకనుకు ఎన్ని కంపనాలన్నదాని మీద (దాన్ని హెర్ట్జ్‌లలో చెబుతాం), ఆధారపడుతుంది. పొడవును పొడవుతో హెచ్చించి, పౌనఃపున్యంతో హెచ్చించి, ధ్వని వేగానికి రెట్టింపుతో భాగిస్తే సుమారుగా వస్తుంది. నా పెట్టెలో స్పీకర్ల వరుస 2.15 మీటర్లు. వెయ్యి హెర్ట్జ్ దగ్గర ఆ దూరం 6.7 మీటర్లు. పదివేల హెర్ట్జ్ దగ్గర 67 మీటర్లు. వంద హెర్ట్జ్ దగ్గర 67 సెంటీమీటర్లే! అంటే మృదంగంలో తొప్పి వైపు మోతకు ఈ పెట్టె అసలు లైన్ అర్రేనే కాదు, అది మామూలు స్పీకరే. నాలుగు స్పీకర్ల బుల్లి పెట్టె తయారుచేసి లైన్ అర్రే అని పిలుచుకునేవారిని చూస్తే నాకు నవ్వొస్తుంది. పిలుచుకోవచ్చు, మనకు పోయేదేమీ లేదు.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఆర్‌సీఏ కంపెనీలో పనిచేసిన హ్యారీ ఓల్సన్ వరుసగా పేర్చిన ధ్వని మూలాల లెక్కలను దశాబ్దాల క్రితమే పుస్తకాల్లోకి ఎక్కించాడు. లండన్‌లో సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ప్రతిధ్వని పది సెకన్లకు పైగా సాగేది, ప్రార్థన అర్థమయ్యేది కాదు. 1950ల తొలినాళ్ళలో అక్కడ పొడవాటి కాలమ్ స్పీకర్లు పెట్టి మాట వినిపించారు. ఫ్రాన్స్‌లో క్రిస్టియన్ హైల్, ఆయన చదివింది కణ భౌతికశాస్త్రం, ఎల్-అకూస్టిక్స్ కంపెనీ నుంచి వీ-డాస్క్ అనే లైన్ అర్రే తెచ్చాక కచేరీ మైదానాల ముఖచిత్రం మారిపోయింది. 1992లో ఆయన, మార్సెల్ అర్బన్ కలిసి రాసిన పత్రంతో ఆ సిద్ధాంతం బయటికొచ్చింది. ఇళ్ళ విషయానికి వస్తే మెకింటాష్ కంపెనీ 1980లో ఎక్స్ఆర్‌టీ20 అనే స్పీకరు తెచ్చింది, అందులో ఒక్కో వైపు 24 ట్వీటర్ల, అంటే సన్నని పై స్వరాలు పలికే బుల్లి స్పీకర్ల, స్తంభం. దాని వెనక ఉన్న రోజర్ రస్సెల్ తర్వాత సొంతంగా 25 చిన్న స్పీకర్లతో ఒక కాలమ్ తయారుచేశాడు. నా పెట్టెకు అదే స్ఫూర్తి.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి. మన హాళ్ళు ఎలా ఉంటాయి? పైన సిమెంటు స్లాబు, కింద టైల్సో మార్బులో. తివాచీ ఉండదు, ఉన్నా పండక్కి తీసి పరిచి మళ్ళీ చుట్టేస్తాం. మామూలు స్పీకరు పెడితే శబ్దం తగిలి తిరిగొస్తుంది, నేల నుంచి ఒక దెబ్బ, స్లాబు నుంచి ఇంకో దెబ్బ. మాటలో స్పష్టత పోవడానికి సగం కారణం ఇదే. నేలకూ కప్పుకూ దాదాపు ఆనేంత పొడవున్న కాలమ్ పెడితే ఆ రెండు దెబ్బలూ మాయమవుతాయి. ఎలాగంటే, సెలూన్లో ఎదురెదురుగా అద్దాలుంటాయి చూడండి, మధ్యలో కూర్చుంటే మన వరుస అనంతంగా సాగిపోతుంది. టైల్సూ స్లాబూ శబ్దానికి అలాంటి అద్దాలు. ప్రతిబింబాలన్నీ కలిసి స్పీకర్ల వరుసను ఇంకా పొడవు చేస్తాయి. శత్రువు మన పక్షాన చేరినట్టు. వరుస పొడవు గది ఎత్తులో కనీసం 70 శాతం ఉండాలని తయారుచేసేవారి లెక్క. మా ఇంట్లో కప్పు మూడు మీటర్లు. 2.15 మీటర్లంటే సుమారు 72 శాతం, బొటాబొటిగా గట్టెక్కాను. పక్క గోడలకు మాత్రం ఈ పెట్టె ఏ మేలూ చేయదు, ఆ దిశలో శబ్దం వెడల్పుగానే పోతుంది కాబట్టి. మందపాటి కర్టెన్లు వేయండి. మా ఇంట్లో పుస్తకాల బీరువాతో పని జరిగింది.

స్పీకర్లు ఎంత దగ్గరగా ఉండాలన్నది దీని తర్వాతి ప్రశ్న. నేను వాడినవి మూడున్నర అంగుళాల ఫుల్ రేంజ్ స్పీకర్లు, అంటే కింది, పై స్వరాలు రెండూ ఒక్కటే పలికేవి, ఒక్కో వైపు 25. ఒకదాని నడిబొడ్డు నుంచి పక్కదాని నడిబొడ్డుకు 86 మిల్లీమీటర్లు. సరిగ్గా నాలుగువేల హెర్ట్జ్ తరంగదైర్ఘ్యం అది. అంతకంటే పై స్వరాలకు చెవి దగ్గర కొన్ని చోట్ల గట్టిగా, కొన్ని చోట్ల మెత్తగా వినిపించే గొడవ మొదలవుతుంది. కచేరీ పెట్టెల వారు ట్వీటరు ముందు ప్రత్యేకమైన గొట్టం అమర్చి, శబ్దం అతుకులేని రిబ్బనులాగా బయటికొచ్చేలా చేస్తారు. అది ఇంట్లో చేయగలిగే పని కాదు. మనం చేయగలిగింది, సాధ్యమైనంత చిన్న స్పీకర్లను సాధ్యమైనంత దగ్గరగా బిగించడమే. చిన్నవే కదా అని తక్కువ అంచనా వేయకండి. స్పీకరులో ముందుకూ వెనక్కూ కదిలే గరాటును కోను అంటాం. ఒక్కో కోను వైశాల్యం సుమారు 36 చదరపు సెంటీమీటర్లు. ఇరవై అయిదు కలిస్తే 900. పదిహేను అంగుళాల వూఫరుతో, అంటే కింది స్వరాల మోతకు వాడే పెద్ద స్పీకరుతో, సమానం. పైగా అదే శబ్దానికి ఒక్కో కోను కదలవలసింది ఎంతో తక్కువ, కాబట్టి గొంతు బొంగురుపోదు.

చెక్కపని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నా డబ్బు పోయింది అక్కడే. 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ తీసుకున్నాను. ఎండీఎఫ్, అంటే చెక్క పీచును జిగురుతో అదిమిన పలక, వాడవచ్చు, పని నున్నగా వస్తుంది, కానీ తేమకు ఉబ్బుతుంది, కోస్తాలో ఉన్నవారు ఒక వానాకాలం గడిచాక నన్ను తిట్టుకుంటారు. రెండు పెట్టెలకు పలకలన్నీ కాగితం మీద గీసి చూస్తే, ఎనిమిది అడుగులకు నాలుగడుగుల షీటులో రంపపు పొట్టుతో కలిపి ఆరేడు సెంటీమీటర్లు చాలలేదు. ఆరేడు సెంటీమీటర్ల కోసం రెండో షీటు కొంటామా? పెట్టె లోతు కాస్త తగ్గించాను. లోపల వెడల్పు 11 సెంటీమీటర్లు, లోతు 15 చిల్లర. మొత్తం 36 లీటర్లు, అంటే ఒక్కో స్పీకరుకు లీటరున్నర. ఒకే షీటులో, అడ్డపలకలతో సహా, అన్నీ వచ్చేశాయి. మా వడ్రంగి చేతిలో మిగిలిన ముక్క అరచేయంత.

రంధ్రాల లెక్క చూడండి. ఒక్కో రంధ్రం 74 మిల్లీమీటర్లు, నడుమ దూరం 86. రెండు రంధ్రాల మధ్య మిగిలే చెక్క 12 మిల్లీమీటర్లే. కాగితం మీద నాకు ఇది కనిపించింది, కానీ మనసుకు పట్టలేదు. వడ్రంగి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా హోల్‌సాతో, అంటే గుండ్రంగా కోసే రంపంతో, ఇరవై అయిదు రంధ్రాలూ కోశాడు. ముచ్చటగా, పిల్లనగ్రోవిలాగా ఉంది పలక. ఇద్దరం చెరొక కొసా పట్టుకొని పైకెత్తాం. పద్నాలుగో రంధ్రం దగ్గర పుటుక్కుమని విరిగింది. ఆయన నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. ఆయన ఏమీ అనలేదు, అందుకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. రెండోసారి పక్కపలకలను ముందే జిగురు పెట్టి అతికించి, జిగురు ఆరాక, మూడు వైపులా గోడలున్న పెట్టెలోనే రంధ్రాలు కోశాం. వెనకపలక ఆఖరున. మీరు మొదటిసారే ఇలా చేయండి. రంధ్రం లోపలి అంచును పక్కలకు వాలుగా చెక్కడం మరచిపోకండి, లేకపోతే 18 మిల్లీమీటర్ల బావిలో కోను ఊపిరాడక ఇబ్బంది పడుతుంది.

లోపల అడ్డపలకలు ఎందుకంటారా? రెండు మీటర్ల ఖాళీ గొట్టం అంటే అది సన్నాయి. 80 హెర్ట్జ్ దగ్గర దానికదే ఊళ వేస్తుంది. నాలుగు అడ్డపలకలతో అయిదు గదులు చేశాను, గదికి అయిదు స్పీకర్లు. గదుల్లో పాలిస్టర్ దూది, దిండ్లలో కూరేది, వదులుగా నింపాను.

ఇక వైరింగు. పదో తరగతిలో శ్రేణి సంధానం, సమాంతర సంధానం చదువుకున్నాం కదా, ఎందుకు చదువుతున్నామో తెలియకుండా. ఇందుకే. ఒక్కో స్పీకరు 8 ఓములు. ఒక గదిలో అయిదింటినీ శ్రేణిలో కలిపితే 40. అలాంటి అయిదు దండలను సమాంతరంగా కలిపితే మళ్ళీ 8. ఏ యాంప్లిఫయరు అయినా హాయిగా లాగుతుంది. ఒక్కో పెట్టెకు 50 అతుకులు, రెండింటికి వంద. టంకం పెట్టే ఇనుము వేడెక్కక ముందే నాకు ఓపిక చల్లారింది. ఆ సంగతి మూడు వారాల తర్వాత బయటపడింది.

ఇది శ్రద్ధగా వినండి, ఎందుకంటే ఇది ఏ పుస్తకంలోనూ నా కంట పడలేదు. పెట్టె పూర్తయ్యాక మల్టీమీటరు పెట్టాను. 8.2 ఓములు చూపించింది. ఎనిమిది ఓముల పెట్టెకు ఎనిమిది చూపిస్తే ఇంకేం కావాలి? మూత బిగించాను. మూడు వారాలు విన్నాను, మిత్రులను పిలిచి వినిపించాను, మెప్పులు కూడా పొందాను. ఒకరోజు కింద కూర్చొని మామిడిపళ్ళు కోస్తున్నాను, కుడి వైపు పెట్టె కింది భాగంలో చెవి దగ్గర ఏదో వెలితి. చేయి పెట్టి చూశాను. కింది అయిదు కోన్లూ కదలడం లేదు! విషయం ఏమిటంటే, స్పీకరు మీద రాసే 8 ఓములు పాట నడిచేటప్పటి లెక్క, మీటరు కొలిచేది డీసీ నిరోధం. 8 ఓముల స్పీకరుకు అది ఆరున్నర చిల్లరే ఉంటుంది. నా స్పీకర్లకు 6.6. అంటే 25 సరిగ్గా కలిస్తే మీటరు 6.6 చూపాలి. ఒక దండ తెగిపోయి నాలుగే మిగిలితే 33ను నాలుగుతో భాగించాలి, 8.25 వస్తుంది. మీటరు నాకు మొదటి రోజే నిజం చెప్పింది, నాకు నచ్చిన అంకె కనిపించగానే నేను నమ్మేశాను. ఒక్క చల్లటి టంకం, అంటే సరిగ్గా కరిగి అతుక్కోనిది, మొత్తం గది మూగ.

పోలారిటీ, అంటే ప్లస్ మైనస్ తీగలు సరిగ్గా ఉన్నాయా అన్నది, కూడా మూత బిగించకముందే చూడండి. దండ రెండు కొసలకు తొమ్మిది వోల్టుల బ్యాటరీ తాకించండి, అయిదు కోన్లూ ఒకేసారి బయటికి రావాలి. ఒకటి లోపలికి పోతే తీగలు తిరగబడ్డాయి. తిరగబడ్డ స్పీకరు తాను పోవడమే కాదు, ఇంకొకదాని పనిని కూడా రద్దు చేస్తుంది.

అన్నీ సరిగ్గా కలిపి, మొదటిసారి పాట పెడితే మీకు ఏడుపొస్తుంది. నాకు వచ్చింది. గొంతు మీద దుప్పటి కప్పినట్టు ఉంటుంది. స్పీకర్ల తప్పు కాదు. మీరు మూడు మీటర్ల దూరంలో, పెట్టె మధ్యకు ఎదురుగా కూర్చున్నారనుకుందాం. నడిమి స్పీకరు మీకు మూడు మీటర్లు. కొసనున్న స్పీకరు లంబకోణ త్రిభుజపు కర్ణం చివర ఉంది కాబట్టి 3.17 మీటర్లు. పదిహేడు సెంటీమీటర్ల ఆలస్యం. వెయ్యి హెర్ట్జ్ దగ్గర అది సరిగ్గా సగం తరంగం, అంటే నడిమిది తోస్తుంటే కొసది లాగుతోంది. పైకి వెళ్ళేకొద్దీ ఇలా ఒకదానితో ఒకటి పోట్లాడేవి పెరిగి, స్వరం రెట్టింపైనప్పుడల్లా 3 డెసిబెల్స్ చొప్పున ట్రెబుల్, అంటే పై స్వరాల బలం, దిగిపోతుంది. వెయ్యి నుంచి పదహారు వేలకు నాలుగు మెట్లు, 12 డెసిబెల్స్. అంత మేరా ఈక్వలైజరుతో, అంటే ఒక్కో స్వరాన్ని విడిగా పెంచి తగ్గించే సాధనంతో, పైకెత్తాలి. ఇది ఐచ్ఛికం కాదు. ఈక్వలైజరు లేని ఫుల్ రేంజ్ లైన్ అర్రే ఉప్పు లేని పప్పు. పాతికమంది కలిసి మోస్తున్నారు కాబట్టి స్పీకర్లు మాడిపోవు. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు, కొలిచే మైకు ఒకటి ఉంటే చాలు. మైకును మీరు కూర్చునే చోటే పెట్టండి. స్పీకరు ముక్కు దగ్గర పెట్టి కొలిస్తే ఆ లెక్క ఇంకో గదిది. వంద హెర్ట్జ్ కింద పని సబ్‌వూఫరుకు, అంటే బాగా కింది స్వరాలకే పెట్టే విడి స్పీకరుకు, అప్పగించండి, ఈ చిన్న కోన్లను అక్కడ హింసించవద్దు.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పండమ్మా.

ఖర్చు ఎంతని అడుగుతున్నారు. మీకు నచ్చిన స్పీకరు ధరను యాభైతో కాదు, యాభై నాలుగుతో హెచ్చించండి. నాలుగు అదనంగా ఉండాలి, ఎందుకంటే స్క్రూడ్రైవరు జారి కోను చిరగడం ఖాయం. హైదరాబాదులో ఉన్నవారు కోఠీ గుజరాతీ గల్లీలో ఒక రోజు తిరిగి రండి, కొనకపోయినా చేతిలో పట్టుకొని చూడవచ్చు. ప్లైవుడ్, వడ్రంగి కూలీ వేరు. విరిగిన పలక కూడా వేరు.

అబ్బాయీ, మీరు? వంపు తిరిగిన అర్రేల గురించా? మంచి ప్రశ్న. డాన్ కీల్ అనే ఆయన, సముద్రంలో సోనార్ కోసం సైన్యం వారు చేసిన పరిశోధనను తెచ్చి స్పీకర్లకు వాడాడు. వరుసను విల్లులా వంచి నేల మీద నిలబెడతారు, పైకి వెళ్ళేకొద్దీ స్పీకర్లకు బలం తగ్గిస్తారు. ట్రెబుల్ గొడవ చాలావరకు తీరుతుంది. నా తర్వాతి పెట్టె అదే. ప్లైవుడ్‌ను వంచడం నేర్చుకోవాలి ముందు, మా వడ్రంగికి ఇంకా చెప్పలేదు.

చిన్న గదిలో పనికొస్తుందా అంటున్నారు. మీటరు, మీటరున్నర దూరంలో కూర్చునేవారైతే వద్దు. మామూలు రెండు స్పీకర్ల పెట్టె చేసుకోండి. అంత దగ్గర నుంచి వింటే వీణ ఏడడుగులున్నట్టు అనిపిస్తుంది. అద్దె ఇంట్లో ఉన్నవారు కూడా ఆలోచించుకోండి, మా పెట్టెల్లో ఒకటి లిఫ్టులో పట్టక నాలుగంతస్తులు మెట్ల మీద మోశాం.

సరే, ఇక చాలు, విందాం. ఆ గుడ్డలు తీయండి బాబూ. ముందు నిలబెట్టి రెండు నిమిషాలు. వింటూ గోడ నుంచి గోడకు, వెనక నుంచి ముందుకు తిరగండి, మొహమాటపడకండి. ఒకరు ఈ బల్ల ఎక్కి నిలబడండి, చెవి పెట్టె పై అంచు దాటగానే పాటలో కంచు తాళాల మోత ఏమవుతుందో మిగతావారికి చెప్పండి.

ఆ తర్వాత ఎడమ పెట్టెను నేను స్టేజీ అంచున పడుకోబెడతాను. ఇద్దరు వచ్చి సాయం పట్టండి, మధ్యలో పట్టుకోండి, కొసల్లో వద్దు. ఎవరైనా ఒకరు చాక్‌పీసు తీసుకొని, మూడో వరుస ముందు ఎడమ గోడ నుంచి కుడి గోడకు మెల్లగా నడవండి. తాళం స్పష్టంగా వినబడడం మొదలైన చోట నేల మీద ఒక గీత, ఆగిపోయిన చోట ఇంకో గీత పెట్టండి. టేపు నా జేబులో ఉంది, ఆ రెండు గీతల మధ్య దూరం కొలుద్దాం.